తాళం వేసిన గది, దాని వరండాలో ఆడుకునే పిల్లలు: ప్రభుత్వ బడుల భద్రత విషయంలో విద్యాశాఖ నుంచి మనం ఏమి రాబట్టుకోగలం?

లంక రైతు (శనివారం, ఉదయం 6.50)

సభ్యులందరికీ నమస్కారం. మాది కోనసీమలో ఒక లంక గ్రామం. మా ఊరి మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల యాజమాన్య కమిటీకి తల్లిదండ్రులు నన్ను అధ్యక్షుడిగా ఎన్నుకొని ఏడాది కావస్తున్నది. మా బడిలో రెండు భవనాలు ఉన్నాయి. కొత్త దానిలో తరగతులు జరుగుతున్నాయి. పాత దానిలో ఉన్నది ఒకే గది, దానికి ముందు ఒక వరండా. ఆ గది స్లాబు పెచ్చులూడి, తుప్పుపట్టిన చువ్వలు బయటికి కనబడుతున్నాయి. రెండేళ్ళ క్రితం ఇంజనీరు గారు ఒకరు వచ్చి చూసి, ఈ గదిని వాడవద్దని చెప్పి వెళ్ళారట. ప్రధానోపాధ్యాయురాలు ఆ రోజే తాళం వేయించారు. ఆ తరువాత ఎవరూ రాలేదు.

తాళం గదికే గాని వరండాకు లేదు కదా. బడి ఆవరణలో నీడ ఉన్న చోటు అదొక్కటే కాబట్టి మధ్యాహ్నం భోజనం చేశాక పిల్లలందరూ అక్కడే చేరుతారు. పోయిన వారం రాత్రి వానకు సన్‌షేడు ముక్క ఒకటి విరిగి ఆ వరండా మెట్ల మీద పడింది. తెల్లవారి వెళ్ళి చూస్తే, రోజూ మా అమ్మాయి కంచం పెట్టుకొని కూర్చునే చోటే అది పడి ఉన్నది. అప్పటి నుంచి నాకు నిద్ర పట్టడం లేదు.

పాఠశాల విద్యాశాఖ, సమగ్ర శిక్ష వంటి రాష్ట్ర సంస్థలు బడుల భద్రత కోసం చాలా చేస్తాయని వింటున్నాను. అవి మా వంటి చిన్న బడికి నిజంగా ఏమి ఇవ్వగలవో, ఎవరిని ఏ విధంగా అడగాలో, ఆ గదిని కూల్చే అధికారం ఎవరిదో తెలిసిన పెద్దలు చెప్పవలసిందిగా కోరుతున్నాను.

పాత బడి పంతులు (శనివారం, ఉదయం 9.15)

అధ్యక్షుల వారికి నమస్కారం. ముప్పై ఒక్క సంవత్సరాలు ప్రభుత్వ బడుల్లో పనిచేసి, ప్రధానోపాధ్యాయుడిగా పదవీ విరమణ చేసినవాణ్ణి. ముందుగా ఒక మాట చెబుతాను. మీరు అడుగుతున్నది దయ కాదు, హక్కు. 2004 జూలై 16న తమిళనాడులోని కుంభకోణంలో వంటశాల నుంచి లేచిన మంట బడి ఆకుల పైకప్పుకు అంటుకొని 94 మంది పిల్లలు చనిపోయారు. ఆ దుర్ఘటన మీద దాఖలైన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2009 ఏప్రిల్‌లో తీర్పు చెబుతూ, చదువుకునే హక్కులో సురక్షితమైన బడిలో చదువుకునే హక్కు కూడా ఇమిడి ఉందని స్పష్టం చేసింది. అదే సంవత్సరం వచ్చిన విద్యాహక్కు చట్టం షెడ్యూలులో అన్ని కాలాలకూ తట్టుకునే భవనం, ఆడపిల్లలకూ మగపిల్లలకూ వేరువేరు మరుగుదొడ్లు, తాగునీరు, వంటగది, ప్రహరీ లేదా కంచె ఉండి తీరాలని రాసి ఉంది. మీ దరఖాస్తు మొదటి పేరాలో ఈ రెండు విషయాలూ పేర్కొనండి.

ఇక శాఖ సంగతి. బడికి శాఖ ఇచ్చేవాటిలో డబ్బు కంటికి ఎక్కువగా కనబడుతుంది. కేంద్ర, రాష్ట్రాలు కలిసి నడిపే సమగ్ర శిక్ష పథకం కింద ఏటా పిల్లల సంఖ్యను బట్టి పాఠశాల గ్రాంటు వస్తుంది. 101 నుంచి 250 మంది ఉన్న బడికి అది 50,000 రూపాయలు. అందులో కనీసం పదో వంతు పరిశుభ్రతకు ఖర్చు చేయాలి. మన రాష్ట్రంలో పిల్లలను బడికి పంపే తల్లులకు సాయంగా ఇచ్చే తల్లికి వందనం కింద ఒక్కో బిడ్డకు కేటాయించే 15,000 రూపాయల్లో 2,000 రూపాయలను పాఠశాలల, మరుగుదొడ్ల నిర్వహణ కోసం పక్కన పెడుతున్నారు. చిల్లర మరమ్మతులకు ఇవి చాలుతాయి. స్లాబుకు చాలవు.

మీ గది విషయంలో జరిగిన అసలు లోపం ఏమిటంటే, ఇంజనీరు గారి మాట మాటగానే మిగిలిపోయింది. కాగితం మీదికి రాని హెచ్చరికను ఏ కార్యాలయమూ గుర్తుపెట్టుకోదు. ఆయన బదిలీ అయి వెళ్ళిన రోజే ఆ హెచ్చరిక కూడా ఆయన వెంట వెళ్ళిపోయింది. కాబట్టి ఈ వారమే కమిటీ సమావేశం పెట్టి తీర్మానం రాయించండి. తీర్మానం నకలును, ఫోటోలను జతచేసి మండల విద్యాశాఖాధికారికి ఇచ్చి, రెండో ప్రతి మీద స్వీకరించినట్లు ముద్ర, తేదీ వేయించుకోండి.

సైట్ ఇంజనీరు (శనివారం, మధ్యాహ్నం 1.30)

పంతులు గారు చెప్పినది అక్షరాలా నిజం. నేను ఒప్పంద పద్ధతిలో బడి నిర్మాణ పనులు చూసిన ఇంజనీరును కాబట్టి ఆ గది గురించి కొంత వివరంగా రాస్తాను.

సముద్రానికి దగ్గరగా ఉండే ఊళ్ళలో ఉప్పుగాలి, తేమ కాంక్రీటులోకి దిగి లోపలి చువ్వను తుప్పు పట్టిస్తాయి. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది. ఉబ్బిన ఇనుము తన కింద ఉన్న కాంక్రీటును బయటికి నెడుతుంది. మీరు పెచ్చులూడటం అంటున్నది అదే. పైన సిమెంటు పూత పూస్తే రోగం లోపలే పెరుగుతుంది. అందువల్ల ఎవరైనా ‘కొంచెం ప్లాస్టరింగు చేసి వాడుకోండి’ అంటే దయచేసి ఒప్పుకోవద్దు. ఇంకొక సంగతి. ఇటువంటి భవనాల్లో మధ్య స్లాబు కంటే ముందు పడేవి సన్‌షేడ్లు, పిట్టగోడలు, వరండా అంచులు. అంటే తాళం వేసిన గదిలో ఉండే ప్రమాదం కంటే, తాళం లేని వరండాలోని ప్రమాదమే దగ్గరిది. గోడ ఎంత ఎత్తు ఉందో కనీసం అంత దూరం వరకూ నాలుగు వైపులా పిల్లలు వెళ్ళకుండా దడి కట్టించండి. దీనికి ఎవరి అనుమతీ అక్కరలేదు, రేపే చేయవచ్చు.

కూల్చివేత సంగతి వేరు. మండల పరిషత్ పాఠశాల భవనం పరిషత్తు ఆస్తి. ప్రధానోపాధ్యాయులు గాని, కమిటీ గాని సొంత నిర్ణయంతో ఒక్క ఇటుక కూడా తీయకూడదు. ఇంజనీరు తనిఖీ చేసి భవనం శిథిలమైందని లిఖితంగా ధ్రువీకరించాలి. తరువాత తలుపులు, చువ్వలు, ఇటుకల విలువ లెక్కగట్టాలి. అప్పుడు అధికారుల ఉత్తర్వు వస్తుంది. నేను పనిచేసిన చోట ఈ దస్త్రం అన్నింటికంటే నెమ్మదిగా కదిలేది. కొత్త గది కడితే ప్రారంభోత్సవం ఉంటుంది, పాత గది కూల్చితే ఏమీ ఉండదు.

2025 జూలై 25న రాజస్థాన్‌లోని ఝాలావాడ్ జిల్లా పిప్లోదీలో ప్రభుత్వ బడి పైకప్పు కూలి ఏడుగురు పిల్లలు చనిపోయిన తరువాత, దేశంలోని బడులన్నింటిలో భద్రతా తనిఖీలు జరపాలని కేంద్ర విద్యాశాఖ రాష్ట్రాలను ఆదేశించింది. మీ బడి తనిఖీ నివేదికలో ఈ గదిని ఏమని నమోదు చేశారో మండల కార్యాలయంలో అడిగి చూడండి. ‘వాడుకలో లేదు’ అని రాసి ఉంటే సరిపోదు. ‘ప్రమాదకరం, కూల్చవలసినది’ అని రాయించాలి. వాడుకలో లేని గది గురించి ఎవరూ తొందరపడరు.

సిక్కోలు తల్లి (శనివారం, రాత్రి 8.05)

అన్నయ్య గారూ, మీ అమ్మాయి కూర్చునే చోటు గురించి చదివాక నేనూ రాయాలనిపించింది. మాది శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానం. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మా ఊరి జనమంతా బడిలోనే తలదాచుకున్నాము. మా కొబ్బరి, జీడి తోటలన్నీ నేలకూలినా బడి భవనం నిలబడింది. తీరంలో బడి అంటే పిల్లల చదువు చోటు మాత్రమే కాదు, ఊరందరి ప్రాణాలకు ఆసరా. అందుకే భవనం బలంగా ఉండటం బడికి వెళ్ళే పిల్లలు లేనివారికి కూడా పట్టవలసిన విషయమని గ్రామసభలో గట్టిగా చెప్పండి. మా దగ్గర అలా చెప్పినప్పుడే పెద్దలు కదిలారు.

తుఫాను హెచ్చరికల విషయంలో శాఖలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడం ఇప్పుడు బాగా మెరుగుపడింది. రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ పిడుగులు, తుఫానులు, వడగాడ్పుల గురించి ఫోన్లకు సందేశాలు పంపుతున్నది. కలెక్టరు గారు ముందు రోజే సెలవు ప్రకటిస్తున్నారు. అయితే పాఠాలు జరుగుతుండగా ఉన్నట్టుండి ఉరుములు మొదలైతే ఏమి చేయాలో ప్రతి బడికీ ఒక పద్ధతి ఉండాలి. మా బడిలో ఒకసారి వాన వస్తున్నదని పిల్లలను తొందరగా ఇళ్ళకు పంపించివేశారు. వాళ్ళు తోటల మధ్య నుంచి నడిచి వస్తుంటే పిడుగులు పడ్డాయి. దేవుడి దయ వల్ల ఎవరికీ ఏమీ కాలేదు. ఆ తరువాత కమిటీలో కూర్చొని, ఉరుములు ఆగేదాకా పిల్లలను గదుల్లోనే ఉంచాలని, చెట్ల కిందికి వెళ్ళనివ్వకూడదని, కన్నవారు వచ్చినా కాసేపు ఆగవలసిందేనని తీర్మానం రాసుకున్నాము. దీనికి పైసా ఖర్చు కాలేదు.

పునరావాస కేంద్రంగా వాడిన బడిని తిరిగి తెరిచే ముందు విద్యుత్తు తీగలను, నీళ్ళ ట్యాంకును తప్పకుండా చూపించుకోవాలి. ఆ సంగతి అందరూ మరిచిపోతారు.

కరీంనగర్ టీచరమ్మ (ఆదివారం, ఉదయం 7.20)

నేను తెలంగాణలో ఉన్నత పాఠశాల ఉపాధ్యాయినిని. ఇక్కడ 2022 మార్చిలో మొదలైన ‘మన ఊరు – మన బడి’ కింద 26,065 బడుల్లో దశలవారీగా పనులు చేయాలని సంకల్పించారు. ఇప్పుడు అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీల ద్వారా మహిళా సంఘాల సభ్యులే పనులు చేయిస్తున్నారు. తల్లులు రోజూ వచ్చి చూస్తుంటే పని నాణ్యత మారుతుందని నేను కళ్ళారా చూశాను. మా బడి మరుగుదొడ్డి తలుపుకు లోపల గడియ లేదని మొదట పట్టుకున్నది ఒక తల్లే. ఆ గడియ లేక ఎంతమంది ఆడపిల్లలు సాయంత్రం దాకా నీళ్ళు తాగకుండా ఉండేవారో మాకు అప్పుడు తెలిసింది.

సభ్యులు భవనాల గురించి రాశారు గనుక నేను భోజనం గురించి, పిల్లల రక్షణ గురించి రాస్తాను. 2013 జూలై 16న బీహార్‌లోని సారణ్ జిల్లాలో పురుగుమందు కలిసిన నూనెతో వండిన మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. నూనె వాసన తేడాగా ఉందని వంటమనిషి చెప్పినా వినిపించుకోలేదని అప్పట్లో వార్తలు వచ్చాయి. పిల్లలకు వడ్డించే ముందు ఉపాధ్యాయులు రుచి చూడాలనే నిబంధనను ఆ సంగతి గుర్తుంచుకొని పాటించాలి. రుచి చూసినట్లు రోజూ రాయవలసిన పుస్తకంలో నెలాఖరున ఒకేసారి సంతకాలు పెట్టడం మహాపాపమని నేను నమ్ముతాను. 2024 నవంబరులో మా రాష్ట్రంలో వరుసగా పిల్లలు అస్వస్థులైన తరువాత ప్రభుత్వం ప్రతి సంస్థలోనూ ఆహార భద్రతా కమిటీ వేయమన్నది. సంస్థ అధిపతి, మరో ఇద్దరు సిబ్బంది కలిసి సరుకుల గదినీ వంటగదినీ రోజూ చూడాలి. ఇది మంచి ఏర్పాటు. వంట చేసే అక్కలకు బిల్లులు నెలనెలా అందితేనే అది నిలుస్తుంది. అప్పు తెచ్చి వండే మనిషిని మంచి నూనె కొనలేదని నిలదీయడం నాకు చేతకాదు.

రక్షణ విషయంలో చట్టం చాలా స్పష్టంగా ఉంది. 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షను ప్రకారం, బిడ్డపై లైంగిక నేరం జరిగిందని తెలిసినా, జరగవచ్చని భయం కలిగినా పోలీసులకు తెలియజేయాలి. బడి పరువు పోతుందని దాచిపెడితే 21వ సెక్షను కింద శిక్ష ఉంటుంది. తన కింద పనిచేసేవారి నేరాన్ని తెలియజేయని సంస్థ అధిపతికి ఆ శిక్ష ఏడాది వరకూ ఉండవచ్చు. బిడ్డ వివరాలు బయటికి రాకూడదు. ఇంత ఉన్నా, నేను మునుపు పనిచేసిన ఒక బడిలో ఫిర్యాదుల పెట్టె ప్రధానోపాధ్యాయుల గది లోపల, ఆయన కుర్చీ వెనుక ఉండేది. అందులో ఏ పిల్ల చీటీ వేయగలదు? పెట్టెను మరుగుదొడ్ల దారిలో పెట్టించి, తెరిచేటప్పుడు ఒక తల్లి, ఒక ఉపాధ్యాయిని తప్పక ఉండాలని నియమం చేసుకున్నాము. పిల్లల సహాయవాణి 1098 నంబరును తరగతి గోడ మీద రాయించి, ఆ నంబరుకు ఎప్పుడు ఫోను చేయాలో పిల్లలకు విడమరిచి చెబుతున్నాము.

శాక్రమెంటో తెలుగువాడు (ఆదివారం, రాత్రి 10.40)

నేను కాలిఫోర్నియాలో నిర్మాణరంగ ఇంజనీరుగా పనిచేస్తున్నాను. నేను చదువుకున్నది తూర్పుగోదావరిలోని ప్రభుత్వ బడిలోనే. ఇక్కడి అనుభవం మీకు పనికొస్తుందేమోనని రాస్తున్నాను.

1933 మార్చి 10న సాయంత్రం 5.54కు లాంగ్ బీచ్‌లో భూకంపం వచ్చింది. 70 బడులు ధ్వంసమయ్యాయి, మరో 120 బడులు తీవ్రంగా దెబ్బతిన్నాయి. అప్పటికి పిల్లలు ఇళ్ళకు చేరుకొని ఉండటం వల్ల బతికిపోయారు. సరిగ్గా నెల తిరిగేసరికి, ఏప్రిల్ 10న, ఫీల్డ్ చట్టం వచ్చింది. ఆనాటి నుంచి ఈ రాష్ట్రంలో ప్రభుత్వ బడి కట్టాలంటే నక్షా మొదలు రాష్ట్ర ఆర్కిటెక్టు విభాగం ఆమోదం ఉండాలి. కట్టేటప్పుడు ఆ విభాగం ధ్రువీకరించిన తనిఖీదారు పని దగ్గర ఉండి చూడాలి. గుత్తేదారు మనిషి తనిఖీదారుగా ఉండటానికి వీల్లేదు. పని ముగిశాక నక్షా ప్రకారమే కట్టినట్లు సంబంధితులు ప్రమాణపూర్వకంగా నివేదికలు ఇవ్వాలి.

ఒక్క విషయం మాత్రం దాచకుండా చెప్పాలి. కొత్త బడులకు చట్టం వెంటనే వర్తించింది గాని, 1933కు ముందు కట్టిన పాత బడుల బెడద పూర్తిగా తీరడానికి 1970ల దాకా పట్టింది. డబ్బున్న రాష్ట్రానికే అంత కాలం పట్టిందంటే పాత భవనం ఎంత కఠినమైన సమస్యో తెలుస్తుంది. మీ లంకలోని గది లాంటివాటి జాబితా జిల్లాలవారీగా అందరికీ కనబడేలా ఉంటే, తల్లిదండ్రులే తమ బడి పేరు వెతుక్కొని అడగగలుగుతారు.

పాత బడి పంతులు (సోమవారం, ఉదయం 8.30)

బాబూ, నీ మాటలు విలువైనవి. అయితే ఇక్కడ ఒక తేడా ఉంది. ప్రభుత్వ బడులను బాగుచేయడానికి మన రాష్ట్రంలో 2019 నవంబరు 14న మొదలైన నాడు-నేడు మొదటి దశలో 15,715 బడుల పనులు తల్లిదండ్రుల కమిటీల చేతుల మీదుగానే జరిగాయి. సిమెంటు లెక్క, ఇసుక లెక్క ఊరికి తెలిసింది. అది గొప్ప మేలు. కానీ పనిచేయించేదీ కమిటీయే, బాగుందని సంతకం పెట్టేదీ కమిటీయే అయినప్పుడు, వేరే కన్ను ఒకటి తప్పనిసరిగా కావాలి. ఇంజనీరింగు సహాయకులు ఒక్కొక్కరు ఎన్ని ఊళ్ళు తిరిగేవారో నాకు తెలుసు.

నా మనసులో మరొక బాధ కూడా ఉంది. 2021లో కేంద్ర విద్యాశాఖ ఇచ్చిన బడి భద్రత మార్గదర్శకాలు నిర్లక్ష్యం జరిగితే బాధ్యత ఎవరిదో నిర్ణయించాలన్నాయి. న్యాయమే. కానీ మా కాలం నుంచి చూస్తున్నాను, పైనుంచి వచ్చే ప్రతి భద్రతా ఉత్తర్వూ చివరికి ప్రధానోపాధ్యాయుడి బల్ల మీదే ఆగుతుంది. ఆయన దగ్గర నిధులు లేవు, కూల్చే అధికారం లేదు, చాలా చోట్ల రాత్రి కాపలాదారు కూడా లేడు. సంఘటన జరిగితే మాత్రం మొదటి సస్పెన్షను ఆయనకే.

సైట్ ఇంజనీరు (సోమవారం, మధ్యాహ్నం 12.10)

మాస్టారూ, మీ ఆవేదన నాకు అర్థమైంది, అయినా ఒక్క చోట మీతో విభేదిస్తున్నాను. అధికారం లేకపోయినా ప్రధానోపాధ్యాయులకు కలం ఉంది. ప్రమాదాన్ని తేదీతో సహా రాసి పంపిన ప్రధానోపాధ్యాయుడి బాధ్యత ఆ క్షణం నుంచి పైవారితో కూడా పంచుకోబడుతుంది. రాయనివారి బాధ్యత మొత్తం వారి దగ్గరే ఉండిపోతుంది. నేను చూసిన చాలా బడుల్లో రాయకపోవడానికి కారణం భయం. రాస్తే ‘ఇన్నాళ్ళూ ఏమి చేశావు’ అని అడుగుతారని వారి సంకోచం. శాఖ నిజంగా సాయపడాలంటే ముందు ఆ భయం పోగొట్టాలి. ప్రమాదాన్ని ముందుగా తెలిపిన ఉపాధ్యాయులను సంజాయిషీ అడగబోమని ఒక్క ఉత్తర్వు ఇస్తే, ఎన్నో గదుల సంగతి నెల రోజుల్లో బయటపడుతుంది.

లంక రైతు (మూడు వారాల తరువాత, ఆదివారం)

అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. మీరు చెప్పినట్టే చేశాము. మొదటి రోజే ఊళ్ళోవాళ్ళం కలిసి వెదుళ్ళు కొట్టుకొచ్చి పాత గది చుట్టూ దడి కట్టాము. పిల్లల భోజనానికి కొత్త భవనం పక్కన కొబ్బరాకులతో పందిరి వేయబోతే, కుంభకోణం సంగతి చదివిన మా ప్రధానోపాధ్యాయురాలు వంటగది దగ్గర ఆకుల పందిరి వద్దన్నారు. రేకుల షెడ్డు వేయించాము. ఖర్చు ఊరే పెట్టుకున్నది.

తీర్మానం మీద పదకొండు మంది తల్లులు సంతకాలు చేశారు. మండల కార్యాలయంలో మొదట తీసుకోవడానికి తటపటాయించారు. ముద్ర వేసే దాకా మేము అక్కడే నిలబడ్డాము. తనిఖీ నివేదికలో మా గది ‘వాడుకలో లేదు’ అనే ఉన్నది, ఇంజనీరు గారు ఊహించినట్టే. పదో రోజున కొత్త ఇంజనీరు గారు వచ్చి, గది చూసి, ఈసారి కాగితం మీద రాసి ఇచ్చారు. కూల్చివేతకు ఉత్తర్వు నిన్న చేతికి వచ్చింది. గురువారం నాడు పని మొదలుపెడతామంటున్నారు. బడి విద్యుత్తు మీటరు ఆ పాత గోడకే ఉంది. దాని వల్ల ఇబ్బంది ఏమైనా ఉంటుందా?

సైట్ ఇంజనీరు (ఆదివారం, రాత్రి 9.00)

చాలా సంతోషం. గురువారం వద్దండి, అది బడి నడిచే రోజు. వచ్చే ఆదివారానికి మార్పించండి. మీటరును ముందుగా కొత్త భవనానికి మార్చమని విద్యుత్తు కార్యాలయానికి రేపే లేఖ ఇవ్వండి. సరఫరా నిలిపివేశారని లైన్‌మన్ స్వయంగా చూసి చెప్పేదాకా గోడ మీద ఒక్క దెబ్బ కూడా వేయనివ్వవద్దు. శిథిలాలు ఎత్తివేసేదాకా దడి తీయవద్దు. తవ్విన పునాది గుంటలను అదే రోజు పూడ్పించండి. వానాకాలం కదా, నీళ్ళు నిలిచిన గుంటలో పిల్లలు దిగుతారు.